జువ్వలపాడుకు ఒక గొడవ కావాలి

జువ్వలపాడులో మత ఘర్షణలు లేవన్న చేదునిజం మాకు ఊళ్లో దిగిన రోజు సాయంత్రానికే తెలిసిపోయింది. అప్పటికి మమ్మల్ని దింపిన కాలేజీ బస్సు వెళ్లిపోయింది.

"ఒక్కటి కూడా లేదా?" అన్నాను.

"ఊరంతా తిరిగాను. చిన్న మనస్పర్థ కూడా దొరకలేదే," అంటూ బడి అరుగు మీద కూలబడ్డాడు రిజ్వాన్.

"చర్చి వీధిలో ఏమైనా దొరుకుతుందని వెళ్లాను. అక్కడ కూర్చుని గుళ్లో ఉత్సవానికి పూలదండలు కడుతున్నారు," అన్నాడు జోయెల్.

ఈ ఊళ్లో గొడవ లేకపోతే నాకు డిగ్రీ రాదు. డిగ్రీ రాకపోతే జూలైలో పుణెలో చేరాల్సిన ట్రాక్టర్ల కంపెనీ ఉద్యోగం పోతుంది. మా మెకానికల్ బ్యాచ్‌లో ఆడపిల్లలం ముగ్గురం. కంప్యూటర్ ముందు కాకుండా ఇంజన్ ముందు నిలబడే ఉద్యోగం వచ్చింది నాకొక్కదానికే. ఆ ఉద్యోగానికీ ఈ ఊరి ప్రశాంతతకూ సంబంధం ఏమిటంటారా?

మాది శ్రీ సర్వసిద్ధి ఇంజనీరింగ్ కళాశాల. మా యాజమాన్యం ఆ మధ్య ఒక చలిదేశపు విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుంది. ఆ దేశంలో మార్చిలో మంచు కరుగుతుందట. ఆ సంతోషంలో పిల్లలకు వారం రోజులు సెలవిస్తారట. అప్పుడు వేర్వేరు మతాల పిల్లలు కలిసి ఏదో ఊరు వెళ్లి, పాత ఇళ్లకు రంగులు వేసి, ఒకరి ప్రార్థనలో ఒకరు కూర్చుని, నవ్వుతూ తిరిగొస్తారట. వినడానికి బాగుంది. చేసేవాళ్లకూ బాగుంటుంది, ఎందుకంటే వాళ్లు ఇష్టపడి వెళ్తారు.

మావాళ్లు దాన్ని తప్పనిసరి చేశారు. పేరు 'వసంత విరామ సర్వమత సేవాయాత్ర'. మా జిల్లాలో వసంతం ఉదయం తొమ్మిదింటితో ముగుస్తుంది, అది వేరే సంగతి. ఈ యాత్రకు రెండు క్రెడిట్లు. అవి రాకపోతే డిగ్రీ ఆగుతుంది. మళ్లీ రాయాలంటే మళ్లీ వసంతం రావాలి.

ప్రతి జట్టులో కనీసం నాలుగు మతాలు ఉండాలన్నది నియమం. మా జట్టులో నేనూ రిజ్వానూ జోయెలూ కలిసి మూడు మతాలు అయ్యాం. నాలుగోది ఎంత వెతికినా దొరకలేదు. డీన్‌గారు ఒక్క రోజులో పరిష్కారం కనుక్కున్నారు. మా క్లాసు ప్రణవ్‌ను పిలిచి చేతికి ఉత్తర్వు ఇచ్చారు: 'సదరు విద్యార్థి యాత్రాకాలమునందు బౌద్ధమతమునకు డెప్యుటేషన్‌పై పంపబడుచున్నాడు. గడువు ముగిసిన వెంటనే మాతృమతమునందు రిపోర్టు చేయవలెను.'

ప్రణవ్ మంచివాడు. ఉత్తర్వు అందిన దగ్గర్నుంచీ దోమల్ని కొట్టడం మానేశాడు.

ఇక అసలు మెలిక. యాత్ర ఫలించిందని రుజువేమిటి? దానికి ఫోన్‌లో ఒక యాప్ ఉంది. ఊళ్లోవాళ్లను ప్రశ్నలడిగితే 'సామరస్య సూచిక' అని వందకు ఇన్ని మార్కులు ఇస్తుంది. వెళ్లగానే ఒకసారి కొలవాలి, వచ్చే ముందు ఒకసారి కొలవాలి. రెండింటి మధ్య కనీసం ముప్ఫై శాతం పెరుగుదల కనిపించాలి. లేకపోతే జట్టంతా ఫెయిలు.

జువ్వలపాడుకు వచ్చిన మార్కులు తొంభై ఎనిమిది.

* * *

ఆ మార్కులు ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. ముందుగా సర్పంచి మస్తానమ్మను పట్టుకున్నాం. అరవై దాటిన మనిషి, కళ్లజోడుకు దారం కట్టి మెళ్లో వేసుకుంది. పాలకేంద్రం దగ్గర నిలబడి ఎవరు నీళ్లు కలిపారో పాల రంగు చూసి చెబుతోంది.

"గత సంవత్సర కాలంలో అన్యమతస్థుల వలన మీకు కలిగిన మనస్తాపములు ఎన్ని?" అని చదివాను.

"ఏందమ్మాయ్ అది?"

"వేరే మతంవాళ్లు మిమ్మల్ని ఎప్పుడైనా బాధపెట్టారా అని, అమ్మమ్మా."

బాగా ఆలోచించింది. "నాగూల్‌మీరా మా గేదెకి పచ్చగడ్డి తెస్తానన్నాడు. తేలా."

"మతం వల్లనా?"

"బద్ధకం వల్ల."

పక్కనే ఉన్న నాగూల్‌మీరా సిగ్గుపడ్డాడు. ఊరికి ఉన్న ఒకే ఒక్క మైకుసెట్టు ఆయన చేతిలో ఉంటుంది. గుడీ మసీదూ చర్చీ కలిసి కొన్న సెట్టు అది. శుక్రవారం మసీదులో, శనివారం భజనలో, ఆదివారం చర్చిలో మోగుతుంది. మిగతా నాలుగు రోజులూ రిపేరులో ఉంటుంది.

యాప్ అప్పటికే మస్తానమ్మను ముస్లిం కింద రాసేసుకుంది. పేరు చూసి మతం పట్టే తెలివి దానికి ఉంది. "కాదు కాదు," అంది ఆమె. "మా అమ్మకి ముందు పుట్టినోళ్లు దక్కలా. దర్గాకి మొక్కుకుంటే నేను దక్కా. అందుకని ఆ పేరు. మా ఊళ్లో సగం పేర్లు అట్టాంటియ్యే. మా పీర్లు ఎత్తుకుని గుండంలో నడిచేది మా ఆయనే."

చర్చి పెద్ద రామారావుగారిని యాప్ హిందువుల్లో వేసింది. దిద్దుదామంటే దానికి దిద్దే మీట లేదు.

తొంభై ఎనిమిది పోను మిగిలిన రెండు మార్కులు గుడి ధర్మకర్త కోటయ్యగారివి. క్రిస్మస్‌నాడు తన వంతు కేకు ముక్క ఎవరో తినేశారట.

డీన్ (సామరస్యం) డాక్టర్ పరాంకుశంగారికి ఫోన్ చేశాను.

"తొంభై ఎనిమిదా?" ఆయన గొంతు పడిపోయింది. "అభివృద్ధికి బొత్తిగా ఆస్కారం లేని గ్రామం. ఎవరు ఎంపిక చేశారు దీన్ని?"

"మీరే సార్."

"అది అప్రస్తుతం. ముప్ఫై శాతం వృద్ధి చూపించవలసి ఉంది."

"తొంభై ఎనిమిదికి ముప్ఫై శాతం కలిపితే నూట ఇరవై ఏడు దాటుతుంది సార్. వందకు పైన మార్కులు లేవు."

"పైకి వెళ్లలేనప్పుడు కిందనుంచి రావాలమ్మా. రేపు సాయంత్రం వరకూ తొలి కొలతను సవరించుకునే వెసులుబాటు ఉంది."

"అంటే తక్కువ మార్కులు వేసేయమంటారా?"

"అపచారం!" అని గద్దించారాయన. "తప్పుడు లెక్క రాసినచో డిబారు చేయబడుదురు. లెక్క సత్యమై ఉండాలి. గొడవ కూడా సత్యమై ఉండాలి. వీడియో జతపరచవలెను."

ఫోన్ పెట్టేశారు.

* * *

మస్తానమ్మ దగ్గరికి వెళ్లాను. ఎలా అడగాలో తెలియలేదు. బతుకులో మొదటిసారి ఒక ఊరిని కొట్టుకోమని అడగడానికి వెళ్తున్నాను.

"అమ్మమ్మా, మీ ఊళ్లో ఒక్క మతగొడవ జరగాలి. చిన్నదైనా పర్లేదు."

ఆమె కళ్లజోడు పెట్టుకుని నన్ను చూసింది. "జ్వరమేమన్నా వచ్చిందా పాపా?"

విషయమంతా చెప్పాను. సూచిక, శాతం ఆమెకు ఎక్కలేదు. చివర్లో "గొడవ జరగకపోతే నా ఉద్యోగం పోద్ది," అన్న ముక్క ఎక్కింది.

"ఏం ఉద్యోగం?"

"ట్రాక్టర్లు తయారుచేసే చోట. ఇంజన్ల పరీక్ష."

"ఆడపిల్లకి ట్రాక్టరు ఇంజన్ల పనా?" అని నన్ను కిందికీ పైకీ చూసింది. తర్వాత పాలకేంద్రం వైపు తిరిగి కేకేసింది. "ఒరేయ్ నాగూలూ! అందరినీ కేకెయ్. ఈ పిల్లకి ఉద్యోగం పోద్దంట. పిల్ల ఉద్యోగం పోతావుంటే ఊళ్లో కొట్టుకోకుండా ఎట్టా ఉంటాం?"

ఊరు ఊరంతా పాలకేంద్రం దగ్గర చేరింది. దేని మీద కొట్టుకోవాలన్నదే పెద్ద చర్చ అయింది. చివరికి మైకుసెట్టు మీద కొట్టుకుందామని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఏకగ్రీవం అన్నమాట వినగానే నాకు సగం ఆశ పోయింది.

మర్నాడు పొద్దున్నే రిజ్వాన్ ఫోన్‌లో డీన్‌గారికి వీడియో కాల్ కలిపి సిద్ధమయ్యాడు. యాప్ చెప్పిన ప్రకారం జనాన్ని విడదీసి నిలబెట్టాం. మస్తానమ్మ అటు, రామారావుగారు ఇటు.

"మమ్మల్ని ఇటేశారేంది?" అన్నారు రామారావుగారు.

"యాప్ వేసిందండీ."

"సరే, అది చదువుకున్నది గదా," అని సర్దుకున్నారు.

కోటయ్యగారు ముందుకొచ్చి గంభీరంగా అడిగారు. "నాగూల్‌మీరా, శనివారం భజనకి మైకుసెట్టు ఇస్తావా, ఇవ్వవా?"

"ఇవ్వను!" అన్నాడు నాగూల్‌మీరా. ఊరంతా ఊపిరి బిగబట్టింది. కోటయ్యగారి మొహం నిజంగానే చిన్నబోయింది. అది చూసి నాగూల్‌మీరా తట్టుకోలేకపోయాడు. "ఊరికే అన్నాలే బావా. శనివారం పొద్దున్నే తెచ్చి పెడతా. కొత్త వైరు కూడా ఏయించా."

మళ్లీ తీశాం. ఈసారి ఇద్దరు ఆడవాళ్లు.

"నువ్వు ముందు తిట్టు వదినా."

"పెద్దదానివి, నువ్వుండగా నేనెట్టా తిడతా? నువ్వే మొదలెట్టు."

వీడియోలో చూస్తున్న డీన్‌గారు నిట్టూర్చారు. "ఆవేశం లోపించింది. పరస్పర ద్వేషం ఆశించిన స్థాయిలో లేదు. సాయంత్రం గడువు, గుర్తుంచుకోండి."

నా ట్రాక్టరు కళ్లముందే వెళ్లిపోతోంది.

సరిగ్గా అప్పుడే బస్సు వచ్చింది.

* * *

రోజూ వచ్చే బస్సే. బడి దాటి, ఎగువ వీధిలో పిండిమర దగ్గర ఆగింది. నలుగురు దిగారు. సంచులు పట్టుకుని దిగువ వీధి వైపు నడుచుకుంటూ వస్తున్నారు.

గుంపులోంచి ఎవరో గొణిగారు. "మళ్లా ఎగువోళ్ల కాడే ఆపాడు."

"ఆపక? బస్సు మీ ఇంటి వంటింట్లోకి రావాలా?" అని ఎవరో అందుకున్నారు.

అంతే.

ఆ తర్వాత జరిగింది నేను ఇంజనీరింగ్‌లో ఎక్కడా చదవలేదు. ఒక్క నిప్పురవ్వకు ఇంత పీడనం పుట్టగలదని ఏ పుస్తకంలోనూ లేదు. ఇందాక వంతులేసుకుని మర్యాద చూపించుకున్న వదినలిద్దరూ కొంగులు బిగించారు. నాగూల్‌మీరా ఎగువ వీధి. కోటయ్యగారు దిగువ వీధి. "బావ" అన్న నోటితోనే "నీ మైకు నువ్వే మింగు" అన్నమాట వచ్చింది. నాగూల్‌మీరా సొంత బావమరిది సైదా దిగువ వీధి మొనగాడు, వాడూ బయల్దేరాడు. చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చునే పెద్దలిద్దరూ ఒకరి పాత అప్పులు ఒకరు తవ్వి పోసుకున్నారు. మస్తానమ్మ కూడా "నా సర్పంచి పదవి పోయినా సరే, బస్సు దిగువకి పోదు!" అని చెయ్యెత్తింది.

హిందువూ ముస్లిమూ క్రైస్తవుడూ భుజం భుజం కలిపి ఎగువన నిలబడ్డారు. హిందువూ ముస్లిమూ క్రైస్తవుడూ భుజం భుజం కలిపి దిగువన నిలబడ్డారు.

"ఇది మతగొడవ కాదు సార్," అన్నాడు రిజ్వాన్ ఫోన్‌లోకి అరుస్తూ. "ఇది బస్టాపు గొడవ!"

"అద్భుతం!" అంటున్నారు డీన్‌గారు అవతల. "ఎంత సహజత్వం! ఘర్షణ ఘర్షణే నాయనా. వర్గీకరణ మేము చూసుకుంటాం. వెంటనే కొలవండి, వేడి తగ్గకముందే కొలవండి!"

కొలిచాం. 'అన్యమతస్థుల పట్ల మీ అభిప్రాయము' అని అడిగితే, "ఆ అవతలి వీధి వాళ్లా? మనుషులేనా వాళ్లు?" అన్నారు. సూచిక నలభై ఒకటికి దిగింది.

గెంతులేశాను. నలభై ఒకటి నుంచి ముప్ఫై శాతం పెరగడమంటే యాభై నాలుగు చాలు. రేపు అందరూ మామూలైపోతారు, తొంభై ఎనిమిది ఎక్కడికి పోతుంది?

మామూలు కాలేదు.

* * *

మర్నాటికి మాకు సంగతి అర్థమైంది. అది తొమ్మిదేళ్ల నాటి గొడవ. పూర్వం బస్సు దిగువ వీధిలో ఆగేది. కొత్త రోడ్డు వేసినప్పుడు మట్టికోసం బడి ముందు పెద్ద గుంట తవ్వారు, దిగువన రోడ్డంచు కోసేశారు. దాంతో బస్సు ఆపడానికి చదునైన చోటు ఎగువనే మిగిలింది. అప్పట్లో ఒక ఏడాది మాటలు లేవట. తర్వాత పెళ్లిళ్లూ పండగలూ వచ్చి దాన్ని ఎలాగో నిద్రపుచ్చారు. మేమొచ్చి లేపాం.

మా భోజనమే దానికి సాక్ష్యం. మేం ఉన్న బడి సరిగ్గా ఊరి నడుమ ఉంది. మొదటి రోజు ఊరంతా కలిసి వండి పంపారు. ఇప్పుడు ఎగువ వీధి అన్నం పంపింది, దిగువ వీధి పప్పు పంపింది. వాళ్ల అన్నంలో వీళ్ల పప్పు కలపకూడదని రెండు వైపుల నుంచీ కబురొచ్చింది. ప్రణవ్ ముందు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తర్వాత పప్పు తాగాడు.

శుక్రవారం మైకుసెట్టు ఎగువ వీధిలో బందీ అయిపోయింది. దిగువన ఉన్న మసీదులో మైకు లేదు. నమాజుకు రమ్మని సైదా ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టాడు, దిగువ వీధిలో మాత్రమే.

చివరి కొలత చూసి మార్కులు వేయడానికి మూల్యాంకన కమిటీ ఆదివారం వస్తుంది. మళ్లీ కొలిస్తే మార్కులు ముప్ఫై ఆరు. నలభై ఒకటి కూడా లేదు.

యాత్రతోపాటు మాకు 'సామరస్య మాడ్యూలు' ఇచ్చారు. అందులో మొదటి అంశం మానవహారం. ఎగువ వీధివాళ్లు అన్ని మతాలవాళ్లూ చేతులు పట్టుకుని చక్కగా నిలబడ్డారు. దిగువ వీధివాళ్లు ఇంకా చక్కగా నిలబడ్డారు. రెండు హారాలూ కలవాల్సిన చోట, గుంట ఒడ్డున, నేనూ జోయెలూ చెరో చివర పట్టుకుని లాగినా కలవలేదు.

అక్కడే నిలబడి గుంటలోకి చూశాను. చాలాసేపు చూశాను. ముళ్లకంపా, చెత్తా, విరిగిన కుర్చీ.

"బస్సు ఇక్కడే ఎందుకు ఆగదు?" అన్నాను. "ఊరికి సరిగ్గా మధ్య కదా."

"గుంట కాబట్టి," అన్నాడు జోయెల్.

"పూడ్చొచ్చుగా?"

పక్కనున్న మస్తానమ్మ మొహం తిప్పుకుంది. "పూడిస్తే ఎగువన మాకు హక్కు పోయినట్టేగా? వాళ్లూ అంతే. మేం పూడిస్తే ఓడిపోయాం అంటారు. అందుకని తొమ్మిదేళ్లుగా ఎవురం తట్ట మట్టి ఏయలా."

"మేం పూడిస్తే?"

ఆమె గుంట వైపు చూసి కళ్లజోడు తుడుచుకుంది. కాదని మాత్రం అనలేదు.

సాయంత్రం బస్సు ఆపి డ్రైవర్‌ను అడిగాం. "చదును చేసి గట్టిగా దిమ్మిస కొట్టండి, ఆపుతా," అన్నాడు. "నాకేమన్నా ఎగువ, దిగువ అని పగా? బస్సు ఒరగకుండా ఉంటే చాలు."

డీన్‌గారికి ఫోన్ చేశాను.

"గుంట పూడ్చుట మాడ్యూలులో లేదు," అన్నారు. "పైగా మట్టిపని సివిల్ విభాగం పరిధి. మీరు మెకానికల్."

"సేవాయాత్ర కదా సార్. సేవ చేద్దామని."

"చేయండి, నేను వద్దనను. కానీ ప్రతి కార్యక్రమమునూ ఏదో ఒక మతం కింద నమోదు చేయవలెను. గుంట ఏ మతం కిందికి వస్తుంది?"

వింటున్న మస్తానమ్మకు ఓపిక నశించి ఫోన్ లాక్కుంది. "అయ్యా, గుంటకి మతమేందయ్యా? బస్సు టైరు దిగితే ఏ దేవుణ్ణి తలుచుకుంటే పైకొస్తది?"

డీన్‌గారు ఆలోచించి, డెప్యుటేషన్ కోటాలో ఖాళీ ఉన్నందున బౌద్ధం కింద నమోదు చేయమన్నారు. ఆ విధంగా జువ్వలపాడు గుంట ప్రణవ్ చేతుల్లోకి వచ్చింది.

* * *

శనివారం తెల్లవారుతూనే నలుగురం తట్టలు పట్టుకుని దిగాం. మొదటి గంట ఊరు మమ్మల్ని వింత చూసింది. మేం తెచ్చిన రాళ్లు గుంటకు పంటికిందికి కూడా రాలేదు. ప్రణవ్ ప్రతి రాయి కిందా చీమలున్నాయేమో చూసి తీస్తున్నాడు.

"అట్టా అయితే ఎప్పుడు పూడుద్ది నాయనా?" అంటూ ఎగువ నుంచి ఒకాయన పార తెచ్చాడు. మా మీద జాలితోనే, గుంట మీద కాదు అని గట్టిగా చెప్పి మరీ దిగాడు.

అది చూసి దిగువ నుంచి సైదా వచ్చాడు. "వాళ్లు పారతో వస్తే మేం చేతకానోళ్లమా?" అని ట్రాక్టరు తోలుకొచ్చాడు. దాని వెనక ట్రక్కు నిండా గ్రావెల్.

ఎగువ వీధికి రోషం వచ్చింది. రెండు ట్రక్కులొచ్చాయి.

సైదా ట్రాక్టరు గుంట అంచున మొరాయించింది. పొగ, దగ్గు, ఆగడం. నాకు చేతులు దురద పెట్టాయి. డీజిల్ వడపోత గిన్నె విప్పి చూస్తే నిండా నీళ్లు, మట్టి. కడిగి బిగించి, గొట్టంలో గాలి తీసేసి స్టార్ట్ చేయమన్నాను. ఒక్క దెబ్బకు అందుకుంది. ఎగువోళ్లూ దిగువోళ్లూ ఒకేసారి ఈల వేశారు. తొమ్మిదేళ్లలో రెండు వీధులూ కలిసి వేసిన మొదటి ఈల అదేనట. వెంటనే ఇరువైపులా సిగ్గుపడి మూతులు మూసుకున్నారు.

"ఈ పిల్ల ఉద్యోగం పోతే మనకి తలవంపులు," అంది మస్తానమ్మ అందరికీ వినపడేలా.

మధ్యాహ్నానికి నాగూల్‌మీరా మైకుసెట్టు తెచ్చి బడి కిటికీలో పెట్టాడు. "ఉత్తినే పనిచేస్తే విసుగుపుడుద్ది," అని ఎవరూ అడగకముందే సంజాయిషీ చెప్పుకున్నాడు. కోటయ్యగారు కాసేపు ఆ పక్కకు చూడలేదు. తర్వాత, "వైరు కొత్తదేనా?" అన్నారు.

"చెప్పాగా బావా. నీ భజనకనే ఏయించా."

ఆ రాత్రి అన్నమూ పప్పూ ఒకే గిన్నెలో వచ్చాయి.

* * *

ఆదివారం డీన్‌గారు కమిటీని వెంటబెట్టుకుని కారులో వచ్చారు. కమిటీ అంటే ఒక్క పెద్దాయనే. పేరు అడిగితే 'చైర్మన్' అన్నారు. డ్రైవరు, ఊళ్లో ఎక్కడా లేనంత చదునుగా కనిపించిన కొత్త స్థలంలో కారు నిలిపాడు.

చైర్మన్‌గారి ఎదుట సూచిక కొలిచాం. తొంభై ఎనిమిది. కోటయ్యగారికి కేకు సంగతి ఇంకా గుర్తుంది.

డీన్‌గారు నన్ను చూసి చిరునవ్వు నవ్వారు. నేను మనసులో పుణె బండెక్కేశాను. ఈలోపు ఫోన్ ఎర్రగా వెలిగింది. 'వృద్ధి 139 శాతం. అంగీకారయోగ్యము కాదు.'

"నూరు శాతం మించిన వృద్ధిని వ్యవస్థ అనుమానాస్పదంగా పరిగణిస్తుంది," అన్నారు చైర్మన్. "ఇంత సామరస్యం ఇంత త్వరగా రాదు. తిరస్కరించవలసి ఉంటుంది."

"ఎంతకు దిగితే ఆమోదిస్తారు?" అన్నారు డీన్‌గారు.

"ఎనభై రెండు లోపు."

డీన్‌గారు రెండడుగులు అటూ ఇటూ నడిచారు. ఆయన కళ్లు కొత్తగా పూడ్చిన నేల మీద ఆగాయి. ఆ చూపు నాకు నచ్చలేదు.

"గ్రామస్థులారా," అన్నారు మైకు అందుకుని. "మీ సహకారం ప్రశంసనీయం. అయితే సాంకేతిక కారణముల దృష్ట్యా, ఈ గుంటను తాత్కాలికముగా పూర్వస్థితికి తీసుకురావలెను. పాక్షికముగా చాలును. కొలత పూర్తయిన పిమ్మట తిరిగి పూడ్చుకొనవచ్చును."

"ఏందంటన్నాడు?" అన్నాడు వెనకనుంచి సైదా.

"గుంట మళ్లా తవ్వమంటన్నాడు," అన్నాడు నాగూల్‌మీరా నెమ్మదిగా.

"నేనేసిన మట్టినా?"

"నేనేసిన మట్టిని గూడా."

అప్పుడే బస్సు హారన్ వినిపించింది. డ్రైవరు మాటమీద నిలబడ్డాడు, వేగం తగ్గించాడు. కానీ ఆపాల్సిన చోట డీన్‌గారి కారుంది. రెండుసార్లు హారన్ కొట్టి, తల బయటపెట్టి, "ఏందయ్యా, మళ్లా ఎగువకే పోనా?" అని అరిచాడు.

ఊరంతా ఒక్కసారిగా డీన్‌గారి మీదికి మళ్లింది. ముందు మస్తానమ్మ, పక్కన కోటయ్యగారు, నాగూల్‌మీరా, రామారావుగారు, సైదా, వదినలిద్దరూ. ఎవరూ ఆయన్ని ముట్టుకోలేదు. చేతులు పట్టుకుని చుట్టూ వలయంగా నిలబడ్డారు, ఎటూ పోకుండా. "తవ్వు చూద్దాం," అంది మస్తానమ్మ. "ముందు నన్ను పూడ్చి, తర్వాత తవ్వు." మిగతావాళ్లు అన్నవి రాయను. డీన్‌గారు మాత్రం అన్నీ వినాల్సి వచ్చింది.

ఇంకో పదిమంది కారును అమాంతం ఎత్తి పక్కన పెట్టారు. బస్సు వచ్చి, సరిగ్గా బడి ముందు, ఒరగకుండా ఆగింది.

"మానవహారం!" అన్నారు చైర్మన్‌గారు పరవశించి ఫొటో తీస్తూ. "మాడ్యూలులో మొదటి అంశం. ఇంత సంపూర్ణంగా నేనెక్కడా చూడలేదు."

నాకు బుర్ర వెలిగింది. "కొలవరా!" అన్నాను రిజ్వాన్‌తో. "వేడి తగ్గకముందే!"

'ఇటీవల అన్యులతో మీకు కలిగిన ఘర్షణ' అని అడుగుతూ పోయాడు. ప్రతి ఒక్కరూ ఒకే జవాబు చెప్పారు: "ఒకటి. ఈ సారుతో." అవతలి పక్షం మతం దగ్గర యాప్ ఆగిపోయింది. పేరు చూసి పట్టుకునే యాప్ కదా, 'డీన్ (సామరస్యం)' అన్న పేరు చూసి ఎటూ తేల్చుకోలేక 'ఇతరులు' అని రాసుకుంది.

సూచిక ఎనభైకి దిగింది. వృద్ధి తొంభై ఐదు శాతం. ఫోన్ పచ్చగా వెలిగింది.

వలయం మధ్యలోంచే డీన్‌గారు సంతకం పెట్టారు. పెట్టాకే వదిలారు.

* * *

ప్రణవ్ గడువు తీరగానే మాతృమతంలో రిపోర్టు చేశాడు. దోమల్ని మాత్రం ఇప్పటికీ కొట్టడు.

నేను పుణెలో చేరాను. ఒక మధ్యాహ్నం ఇంజన్ పరీక్ష గదిలో ఉండగా ఫోన్ మోగింది. మస్తానమ్మ. చెవులు గింగిర్లెత్తే శబ్దంలో బయటికి పరిగెత్తాను.

"ఏం అమ్మమ్మా, బస్సు ఆగుతోందా?"

"ఆగకేం, రోజూ అక్కడే. అది కాదులే పాపా," అందామె. వెనక నాగూల్‌మీరా, కోటయ్యగారు ఇద్దరూ ఏదో అందిస్తున్నారు. "మా ఊరు పేరు బాగా పాకిపోయిందంట. వచ్చే నెల్లో ఇంకో కాలేజీవోళ్లు వస్తన్నారు. పాపం, వాళ్లలో గూడా ఇద్దరు పిల్లలకి ఉద్యోగాలు ఆగిపోయినయ్యంట. మాకేమో బస్టాపు గొడవ అయిపోయె. ఈసారి దేని మీద కొట్టుకోమంటావో నువ్వే ఆలోచించి చెప్పు తల్లీ."